చేతికి రాకముందు, చేయి దాటాక

మూడేళ్ళ క్రితం ఇల్లు మారుతున్న రోజు. సామాన్లు సర్దేటప్పుడు బబుల్ ర్యాప్ ఒక్క ముక్క కూడా కొనకూడదని పట్టుదలగా ఉన్నాను. పాత దుప్పట్లు, చిరిగిన చొక్కాలు, న్యూస్‌పేపర్లు అన్నీ పోగేసుకుని, ఒక్కో ప్లేటూ ఒక్కో గ్లాసూ చుట్టుకుంటూ నేల మీద కూర్చున్నాను. అదే సమయంలో ఏసీ విప్పడానికి వచ్చిన మెకానిక్ బాల్కనీలో బయటి యూనిట్ ముందు కూర్చుని, రాగి పైపు నట్టుకి స్పానర్ తగిలించి తిప్పాడు. బుస్సుమని ఒకటే శబ్దం. తెల్లటి ఆవిరి లాంటిది ఎగజిమ్మింది. లేచి వెళ్ళి చూస్తే నట్టు చుట్టూ సన్నగా మంచు పేరుకుని ఉంది.

"ఏంటి బాబూ అది?" అన్నాను.

"గ్యాసు మేడం. ఏం కాదు, కొత్తింట్లో మళ్ళీ నింపేస్తాంగా."

సరేనని వెనక్కి వచ్చి మళ్ళీ ప్లేట్లు చుట్టుకున్నాను. రెండు మూడు నిమిషాలకు శబ్దం ఆగిపోయింది.

రాత్రి కొత్తింట్లో అట్టపెట్టెల మధ్య నిద్ర పట్టక, ఆ యూనిట్ పక్కనున్న స్టిక్కర్ చదివాను. ఆర్-410ఏ అని గ్యాసు పేరు, దాని కింద బరువు, ఒక కిలోకి కాస్త అటూ ఇటూ. ఆ గ్యాసు ఒక కిలో గాల్లో కలిస్తే, వందేళ్ళ లెక్కలో చూసినప్పుడు, దాదాపు 2,088 కిలోల కార్బన్ డయాక్సైడ్ వదిలినంత వేడి పుట్టిస్తుంది. లీటరు పెట్రోలు కాలిస్తే వచ్చేది సుమారు 2.3 కిలోలు. అంటే మా బాల్కనీలో ఆ రెండు మూడు నిమిషాల్లో 900 లీటర్ల పెట్రోలు తగలబెట్టినంత పని జరిగింది. కారు వద్దనుకుని, ఎండలో వానలో బస్సుల కోసం నిలబడి ఏళ్ళ తరబడి నేను మిగిల్చిన పెట్రోలు అంతకంటే ఎక్కువేమీ ఉండదు. ఆ లెక్క కాగితం మీద వేసుకుని చూసినప్పుడు నాకు ఏడుపొచ్చింది, నిజంగానే.

ఆ రోజు నుంచి నేను ఈ విషయాన్ని చూసే తీరు మారింది. పర్యావరణం పేరుతో నగరాల్లో మనం చేసే పనుల్లో ఎక్కువ భాగం, వస్తువు మన చేతిలో ఉన్నంతసేపటి గురించే. ఏ సంచీలో తెచ్చాం, ఏ బ్రష్‌తో పళ్ళు తోముకున్నాం, స్ట్రా వాడామా లేదా, లైటు ఆర్పామా లేదా. కానీ అసలు బరువంతా ఆ వస్తువు మన చేతికి రాకముందూ, మన చేయి దాటిపోయాకా ఉంటోంది. అక్కడ మనం లేము కాబట్టి కనబడదు, కనబడదు కాబట్టి అక్కడ "ఏం కాదు" అనే మాటతో సరిపెట్టుకుంటాం. నా వాదనంతా ఇదే, మన శ్రద్ధని తీసుకెళ్ళి ఆ రెండు చోట్లా పెట్టాలి, మధ్యలో ఉన్న చిన్నచిన్న వాటి గురించి ఇంత టెన్షన్ పడటం తగ్గించుకోవచ్చు.

ముందు ఆ గ్యాసు సంగతే పూర్తిగా చెప్తాను, ఎందుకంటే దీని గురించి మాట్లాడేవాళ్ళు నాకు చాలా తక్కువమంది కనబడ్డారు. పాతరోజుల్లో ఫ్రిజ్‌లలో, ఏసీల్లో వాడిన క్లోరోఫ్లోరోకార్బన్లు ఓజోన్ పొరని తినేస్తాయని మరియో మొలీనా, షేర్‌వుడ్ రోలాండ్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు 1974లో చెప్పారు. 1985లో అంటార్కిటికా మీద ఓజోన్ పొర దారుణంగా పలచబడిందని బయటపడింది. రెండేళ్ళు దాటగానే, 1987లో, మాంట్రియల్ ఒప్పందం కుదిరింది. ప్రపంచ దేశాలన్నీ సంతకం పెట్టి, చాలావరకు నిలబెట్టుకున్న మాట అది. ఆ గ్యాసుల బదులు వచ్చినవే హైడ్రోఫ్లోరోకార్బన్లు, మా ఏసీలోని ఆర్-410ఏ ఆ కుటుంబానిదే. ఓజోన్‌కి వీటివల్ల ఇబ్బంది లేదు గానీ భూమిని వేడెక్కించడంలో మాత్రం భయంకరంగా ఉంటాయి. అందుకే 2016లో రువాండా రాజధాని కిగాలీలో మాంట్రియల్ ఒప్పందానికి సవరణ చేసి, వీటిని కూడా దశలవారీగా తగ్గించాలని నిర్ణయించారు. కొత్త ఏసీల్లో ఆర్-32 వస్తోంది, దాని ప్రభావం కార్బన్ డయాక్సైడ్‌కి 675 రెట్లు, అంటే ఆర్-410ఏలో మూడో వంతు. ఆర్-290 అనే ప్రొపేన్‌తో నడిచేవి కూడా ఉన్నాయి, వాటి ప్రభావం దాదాపు లేనట్టే, కాకపోతే మండే గ్యాసు కాబట్టి బిగించేవాళ్ళకి పని బాగా తెలిసి ఉండాలి.

ఇన్ని దేశాలు కూర్చుని ఇంత చేశాక, చివరికి విషయం ఒక బాల్కనీలో ఒక నట్టు దగ్గరకి వచ్చి ఆగుతుంది. ఆ నట్టు విప్పేముందు చేయాల్సిన పని ఒకటుంది, దాన్ని పంప్ డౌన్ అంటారు. బయటి యూనిట్‌కి రెండు వాల్వులుంటాయి, సన్న పైపుకొకటి, లావు పైపుకొకటి. ఏసీని కూలింగ్‌లో నడుపుతూ సన్న పైపు వాల్వు మూసేస్తే, కంప్రెసర్ లోపలి గ్యాసునంతా లాక్కుని బయటి యూనిట్‌లో దాచుకుంటుంది. గ్యాసు ఒత్తిడి చూపించే గేజి మీద ముల్లు సున్నా దగ్గరికి రాగానే లావు పైపు వాల్వు కూడా మూసి, వెంటనే స్విచ్ ఆపేస్తారు. అంతే. ఐదు నిమిషాల పని, కావల్సింది ఆ గేజి, వాల్వులు తిప్పడానికి ఒక ఆలెన్ కీ. గ్యాసు యూనిట్‌లోనే ఉంటుంది, కొత్తింట్లో మళ్ళీ వదలడమే.

పోయిన ఏడాది మళ్ళీ ఇల్లు మారాల్సి వచ్చినప్పుడు వచ్చిన మెకానిక్‌ని స్పానర్ తీయకముందే అడిగాను, పంప్ డౌన్ చేస్తారా అని. ఆయన నా వైపు ఒకసారి చూసి, "చేస్తాం మేడం, తెలుసు. టైం పడుతుందని ఎవరూ చేయనివ్వరు, తొందరగా విప్పమంటారు" అన్నాడు. రోజుకి ఇన్ని ఇళ్ళు అని లెక్కపెట్టి డబ్బులిచ్చే పనిలో ఉన్న మనిషికి ఐదు నిమిషాలంటే ఎంతో నాకు అప్పుడర్థమైంది. ముందువాడి మీద నాకున్న కోపం కూడా పోయింది. అడగాల్సింది నేను, అడగలేదు. ఇంకొకటి కూడా ఆయన దగ్గరే నేర్చుకున్నాను, ఏసీలో గ్యాసు పెట్రోలులా వాడేకొద్దీ అయిపోదు. తగ్గిందంటే ఎక్కడో లీకుంది. ప్రతి వేసవికీ గ్యాసు నింపించుకుంటున్నామంటే, ప్రతి ఏడాదీ ఆ గ్యాసంతా గాల్లోకి వదులుతున్నామనే అర్థం. సబ్బు నురగ పెట్టి జాయింట్ల దగ్గర బుడగలు వస్తున్నాయేమో చూసి, లీకు మూసి, ఆ తర్వాతే నింపమని అడగాలి.

ఇప్పుడు గుడ్డ సంచీల దగ్గరికి వస్తాను. ఇది చెప్తే కొందరికి కోపం వస్తుంది, నాకూ మొదట్లో మింగుడు పడలేదు. బ్రిటన్ పర్యావరణ సంస్థ 2011లో ఒక లెక్క ప్రచురించింది. భూతాపం వరకే చూస్తే, ఒక పలచటి ప్లాస్టిక్ సంచీని ఒక్కసారి వాడి పారేసినదానితో సమానం కావాలంటే, ఒక పత్తి సంచీని 131 సార్లు వాడాలి. డెన్మార్క్ వాళ్ళు 2018లో వేసిన లెక్కలో భూతాపానికి 52 సార్లు అని వచ్చింది, నీళ్ళూ ఓజోనూ అన్నీ కలిపి చూస్తే ఏడు వేలు దాటింది. పత్తి పండించడానికి నీళ్ళు, ఎరువులు, పురుగుమందులు, తర్వాత వడకడం, నేయడం, అద్దకం, ఇవన్నీ సంచీ మన చేతికి రాకముందే జరిగిపోతాయి. ప్లాస్టిక్ సంచీ బరువు కొన్ని గ్రాములే, దాన్ని చేయడానికి పట్టేదీ తక్కువే.

అలాగని ప్లాస్టిక్ సంచీలే మేలని నేను అనడం లేదు. ఆ లెక్కల్లో కాలువల్లో అడ్డుపడే సంచీలు లేవు, పశువుల కడుపుల్లోకి, సముద్రంలోకి పోయేవి లేవు. చేయి దాటాక ప్లాస్టిక్ చేసే నష్టం అది, దాన్ని పక్కన పెట్టలేం. నేను చెప్పేది ఇంతే, ఒక గుడ్డ సంచీ కొని వారానికి రెండుసార్లు వాడితే బ్రిటన్ వాళ్ళ 131 సార్లు పదిహేను నెలల్లో పూర్తవుతుంది, ఆ తర్వాత వాడినదంతా లాభమే. కానీ మా ఇంట్లో ఒకరోజు తలుపు వెనక లెక్కపెడితే ఇరవై సంచీలున్నాయి. మీటింగులకు వెళ్తే ఒకటి, పుస్తకం కొంటే ఒకటి, పెళ్ళికి వెళ్తే ఒకటి, పర్యావరణ దినోత్సవానికి మరొకటి. ఆ ఇరవైకీ న్యాయం జరగాలంటే అదే లెక్కన పాతికేళ్ళు పడుతుంది. ఇప్పుడు ఎవరైనా చేతికిస్తే, మాకు ఉన్నాయండీ అని చెప్పి వెనక్కిచ్చేస్తున్నాను. మొహమాటంగా ఉంటుంది, అయినా ఇచ్చేస్తున్నాను. స్టీలు సీసాలు, వెదురు బ్రష్‌లు, గాజు డబ్బాల సెట్లు, వీటన్నిటికీ ఇదే వర్తిస్తుంది. ఇంట్లో నిక్షేపంగా ఉన్న ప్లాస్టిక్ డబ్బాలు పారేసి, ఫొటోలో బాగుంటాయని గాజువి కొనడం నాకు అస్సలు నచ్చదు. ఉన్న డబ్బా పగిలేదాకా వాడటమే మంచిది.

వస్తువు చేతిలో ఉన్నప్పటి సంగతి అసలు లెక్కలోకి రాదా అంటే, కొన్నిటికి వస్తుంది. వేడి చేసేవి, చల్లబరిచేవి, మనిషిని మోసుకెళ్ళేవి. మిగతావాటికి పెద్దగా రాదు. ఫోన్ తీసేశాక కూడా ఛార్జర్ ప్లగ్గుకే వదిలేశావని ఇంట్లో గొడవలు నేను విన్నాను. ఇప్పటి ఛార్జర్లు అలా ఖాళీగా ఉంటే ఏడాదంతా కలిపినా రెండు మూడు యూనిట్లు దాటవు. పదిహేను లీటర్ల బకెట్టు నీళ్ళని పాతిక డిగ్రీలు వేడి చేయడానికి దాదాపు 0.44 యూనిట్లు కావాలి, ఆ కరెంటుతో ఒక ఫోన్‌ని ఇరవైసార్లు పూర్తిగా ఛార్జ్ చేయొచ్చు. అంటే వారం పది రోజుల స్నానాల్లో ఆ ఛార్జర్ ఏడాది ఖర్చు దాటిపోతుంది. గీజర్ వేసి మర్చిపోవడం, చలి కాలం పోయినా అదే వేడి మీద ఉంచడం, ఏసీని ఇంకో రెండు డిగ్రీలు పైకి పెట్టి ఫ్యాను వేసుకోగలిగి కూడా దుప్పటి కప్పుకోవడం, వీటి గురించి గొడవ పడండి, అర్థముంది.

కారు గురించి అందరికీ తెలుసు కాబట్టి ఒక్క సంగతే చెప్తాను. కారు పొగలోని విషవాయువుల్ని తగ్గించే కన్వర్టర్ బాగా వేడెక్కితేనే పని చేస్తుంది, దానికి మూడు వందల డిగ్రీల దాకా వేడి కావాలి. ఇంజిన్ చల్లగా ఉండే మొదటి ఒకటి రెండు కిలోమీటర్లలోనే కిలోమీటరుకి వచ్చే విషం ఎక్కువ. కాబట్టి సందు చివర దుకాణానికో, పిల్లల్ని బడి దగ్గర దింపడానికో తీసే చిన్న ప్రయాణమే ఆ లెక్కన అన్నిటికంటే మురికి ప్రయాణం. ఆ పొగ వెళ్ళేది అదే బడికి నడిచి వెళ్తున్న పిల్లల ముక్కుల్లోకి. పొడుగు ప్రయాణాలకి తీయక తప్పకపోతే తీయండి, ముందు ఆ కిలోమీటరు ప్రయాణాలు మానేస్తే చాలు.

ఇక చెత్త. నా మనసంతా ఉన్నది ఇక్కడే.

ఐక్యరాజ్యసమితి పర్యావరణ విభాగం 2024లో ఇచ్చిన నివేదిక ప్రకారం, 2022లో ప్రపంచంలో 105 కోట్ల టన్నుల ఆహారం పారేశారు. అందులో అరవై శాతం ఇళ్ళల్లోంచే. హోటళ్ళూ దుకాణాలూ అనుకుంటాం, కానీ ఇళ్ళే ముందున్నాయి. తలకి ఏడాదికి 79 కిలోలు. ఆ అంకె చదివాక నేను ఒక నెల పాటు మా ఇంట్లో పారేసేది తూకం వేశాను, వంటింటి త్రాసు మీద గిన్నె పెట్టి, పుస్తకంలో రాసుకుంటూ. తొక్కలూ కాడలూ సరే, వాటిని తినలేం. నన్ను బాధపెట్టింది తినగలిగి ఉండి పాడైపోయినవి. ఫ్రిజ్‌లో వెనక్కి పోయి కనబడకుండా ఉండిపోయిన గిన్నె, ఆఫర్ ఉందని రెండు కట్టలు తెస్తే వాడిపోయిన ఆకుకూర, ఎవరో వస్తారని ఎక్కువ వండితే మిగిలినది. అన్నిటికీ కారణం ఒకటే, కనబడకపోవడం. ఇప్పుడు ఫ్రిజ్‌లో పై అరలో ముందు వైపు "ముందు ఇవి" అని ఒక ట్రే పెట్టాను. ముందు అందులో ఉన్నది అయిపోవాలి, అది చూశాకే ఏం వండాలో ఆలోచిస్తాం. అంతకంటే గొప్ప ఉపాయం నాకు తట్టలేదు, తట్టిన దానితోనే మా ఇంట్లో పారేసేది సగానికి తగ్గింది.

పారేసిన ఆహారం ఎటూ మట్టిలోనే కలిసిపోతుంది కదా అనుకునేదాన్ని. కలవదు. ప్లాస్టిక్ కవర్లో ముడేసి, మిగతా చెత్తతో కలిపి, డంపింగ్ యార్డులో పొరల కింద పడితే దానికి గాలి తగలదు. గాలి లేనిచోట కుళ్ళితే మీథేన్ పుడుతుంది. మీథేన్ గాల్లో పన్నెండేళ్ళ పాటే ఉంటుంది, కానీ ఇరవై ఏళ్ళ లెక్కలో చూస్తే కార్బన్ డయాక్సైడ్‌కి ఎనభై రెట్లు వేడి పుట్టిస్తుంది. డంపింగ్ యార్డులు ఎండాకాలం వాటంతటవే అంటుకుని రోజుల తరబడి కాలడానికి ఈ మీథేన్ కూడా ఒక కారణం. అదే తొక్కలు గాలి తగిలేలా కుళ్ళితే మీథేన్ దాదాపు పుట్టదు, ఎరువు మిగులుతుంది.

గాలి తగలడమంటే ఏంటో నాకు మొదటి బకెట్టు నేర్పింది. బాల్కనీలో ఒక పాత బకెట్టుకి చిల్లులు పెట్టి, రోజూ తొక్కలు వేస్తూ పోయాను. పదిరోజులకి మూత తీస్తే కడుపులో తిప్పింది, అడుగున నల్లటి నీళ్ళు, లోపలంతా జిగట. పక్కింటావిడ వచ్చి ఏదైనా ఎలుక చచ్చిందేమో చూసుకోండి అన్నారు. తప్పు ఎక్కడంటే, నేను తడి మాత్రమే వేశాను. తడిలో నత్రజని ఎక్కువ, ఎండుటాకుల్లో కార్బన్ ఎక్కువ, చెత్తని ఎరువుగా మార్చే సూక్ష్మజీవులకి కార్బన్ ఇరవై ఐదు ముప్పై పాళ్ళుంటే నత్రజని ఒక పాలు కావాలి. మన చేతి కొలతలో చెప్పాలంటే గుప్పెడు తొక్కలకి రెండు మూడు గుప్పెళ్ళ ఎండుటాకులు. ఆకులు మధ్యలో ఖాళీలు ఉంచుతాయి, ఆ ఖాళీల్లోంచే గాలి వెళ్తుంది. ఆకులు లేకపోతే అట్టపెట్టెలు చింపి వేసినా సరిపోతుంది, రంగుల మెరుపు అట్టలు తప్ప. రెండో బకెట్టు అలా చేశాను. మూడో వారానికి తొక్కల మీద తెల్లటి సన్నని దారాల్లాంటి బూజు అల్లుకుంది, నాకు భయమేసింది గానీ అది మంచిదేనట, ఆకుల్ని విరగ్గొట్టేది అదే. రెండున్నర నెలలకి అడుగు నుంచి తీస్తే చేతిలో నల్లగా, పొడిపొడిగా, తొలకరి పడ్డప్పుడు వచ్చే వాసన. నిండా తొక్కలేసిన బకెట్టు పావు వంతుకి దిగింది.

ఇంట్లో ఎరువు చేయలేనివాళ్ళు కనీసం తడీ పొడీ విడదీసి ఇస్తే చాలు. ఎందుకంటే తడి తగిలిన కాగితం, కూర అంటిన డబ్బా ఎవరికీ పనికిరావు. విడదీయని చెత్తని విడదీసేది ఎక్కడో ఒక యంత్రం అనుకుంటాం, చాలా నగరాల్లో అది మనుషుల చేతులే. పగిలిన గ్లాసు ముక్క, వాడేసిన బ్లేడు, డయపర్లు, ఇవన్నీ కుళ్ళిన ఆహారంలో కలిసి ఆ చేతులకి తగులుతున్నాయి. ఒకరోజు పొద్దున్నే మా చెత్త తీసుకెళ్ళే అమ్మాయి వేలికి గుడ్డ చుట్టుకుని వచ్చింది. మీ ఇంటిది కాదులే అమ్మా అంది, నేను అడగకుండానే. అప్పటినుంచి గాజు ముక్కల్ని మందపాటి కాగితంలో చుట్టి, పైన పెద్ద అక్షరాలతో రాసి విడిగా చేతికిస్తున్నాను. బ్యాటరీలు కూడా విడిగానే, లిథియం బ్యాటరీ చెత్త లారీలో నలిగితే అంటుకుంటుంది.

పొడి చెత్త ఇచ్చేశాం కాబట్టి అంతా రీసైకిల్ అయిపోతుందన్న నిశ్చింత కూడా వద్దు. 2015 వరకు ప్రపంచం తయారుచేసిన ప్లాస్టిక్ 830 కోట్ల టన్నులని, చెత్తగా మారినదాంట్లో రీసైకిల్ అయింది తొమ్మిది శాతమేనని 2017లో వచ్చిన పరిశోధన తేల్చింది. డబ్బా అడుగున త్రికోణంలో ఒక అంకె ఉంటుంది చూడండి, అది ఉంటే రీసైకిల్ అవుతుందని చాలామంది నమ్మకం. మూడు బాణాల రీసైక్లింగ్ గుర్తుని 1970లో గ్యారీ ఆండర్సన్ అనే విద్యార్థి కాగితం కోసం జరిగిన ఒక పోటీలో గీశాడు. అలాంటి బాణాల త్రికోణం మధ్యలో అంకె పెట్టి 1988లో అమెరికా ప్లాస్టిక్ పరిశ్రమ వాళ్ళు వాడటం మొదలుపెట్టారు. ఆ అంకె చెప్పేది అది ఏ రకం ప్లాస్టికో మాత్రమే. ఒకటీ రెండూ అంకెలవి మామూలుగా కొనేవాళ్ళుంటారు, మిగతావాటికి చాలాచోట్ల ఉండరు. "కంపోస్టబుల్" అని రాసిన కప్పులు కూడా చాలావరకు అరవై డిగ్రీల దాకా వేడి ఉండే పెద్ద ప్లాంట్లలోనే కరుగుతాయి, నా బకెట్టులో ఆరు నెలలు వేసి చూశాను, కప్పు కప్పులాగే ఉంది.

ఫోన్ల సంగతి పొడిగించను. ఒక ఫోన్ జీవితంలో వెలువడే కార్బన్‌లో ఎక్కువ భాగం తయారీలోనే, మనం ఛార్జ్ చేసేది అందులో చిన్న ముక్క. 2022లో ప్రపంచంలో 6.2 కోట్ల టన్నుల ఎలక్ట్రానిక్ చెత్త పోగైతే, లెక్క ప్రకారం సేకరించి రీసైకిల్ చేసింది 22.3 శాతం. బ్యాటరీ మార్పించి ఇంకో రెండేళ్ళు వాడుకునే పాత ఫోన్ కంటే పర్యావరణానికి మేలైన ఫోన్ ఏదీ మార్కెట్లో లేదు.

ఇదంతా విన్నాక మా తమ్ముడు అడిగే ప్రశ్న ఒకటుంది. "అక్కా, చమురు కంపెనీలు లక్షల టన్నులు వదులుతుంటే నువ్వు తొక్కలు తూకం వేస్తే ఏమవుతుంది?" వాడి మాట కొట్టిపారేయలేను. మనిషికో కార్బన్ ఫుట్‌ప్రింట్, అంటే తన వల్ల గాల్లోకి చేరే కార్బన్ లెక్క, ఉంటుందన్న మాటని 2000 దశకంలో జనం నోళ్ళలోకి తెచ్చినవాటిలో బీపీ అనే చమురు కంపెనీ ప్రకటనలే ముఖ్యమైనవి. భారమంతా మన నెత్తిన పెట్టేసి తాము తప్పుకునే ఎత్తు అందులో ఉంది. సీసం కలిపిన పెట్రోలు 2021లో ప్రపంచమంతటా ఆగిపోయిందంటే, అది చట్టాలు మారితేనే ఆగింది, ఎవరికివాళ్ళు మంచి పెట్రోలు ఎంచుకుంటే ఆగలేదు. ఇదంతా ఒప్పుకుంటాను.

ఒప్పుకుని కూడా వాడితో వాదిస్తాను, ఎందుకంటే నేను పైన చెప్పిన పనుల్లో బరువైనవేవీ నేను ఒంటరిగా ఎంచుకునేవి కావు. మెకానిక్‌ని అడగాలి, అతనికి ఆ ఐదు నిమిషాలకీ డబ్బులివ్వాలి. చెత్త తీసుకెళ్ళే మనిషితో మాట్లాడాలి. విడదీసి ఇచ్చిన చెత్తని లారీలో మళ్ళీ కలిపేస్తుంటే వార్డు ఆఫీసుకి వెళ్ళి అడగాలి. ఇంటి ఓనర్‌ని, అపార్ట్‌మెంట్ అసోసియేషన్‌ని, ఆఫీసులో ఏసీ రిమోట్ పట్టుకున్నాయన్ని కదపాలి. ఇవి ఇద్దరి మధ్యా పదిమంది మధ్యా జరిగే పనులు, చట్టాలు కూడా చివరికి అమలయ్యేది ఇక్కడే. కిగాలీలో సంతకం పెట్టిన దేశాలకి మా బాల్కనీ కనబడదు కదా. నాకు కనబడుతుంది.

ఇప్పుడుంటున్న అపార్ట్‌మెంట్‌లో పద్నాలుగు ఇళ్ళున్నాయి. మీటింగులో మూడుసార్లు కాదన్నాక, నాలుగోసారి ఒక పాత నీళ్ళ డ్రమ్ము కంపోస్టుకి ఇచ్చారు, వాసన వస్తే తీసేయాలనే షరతు మీద. తొమ్మిది ఇళ్ళు తడి చెత్త విడిగా ఇస్తున్నాయి. పెద్ద డ్రమ్ము కావడంతో మధ్యలో చేయి పెడితే వేడి తెలుస్తోంది, నా బకెట్టులో ఎప్పుడూ అలా లేదు. ఐదో అంతస్తు తాతగారు రోజూ సాయంత్రం ఇనుప కడ్డీతో కలుపుతారు, అది తన పని అని ఆయనే తీసుకున్నారు. ప్రస్తుతం ఇబ్బందల్లా ఎండుటాకులు. మా చెట్టు ఒక్కటే, దాని ఆకులు నిన్నటితో అయిపోయాయి. పక్క వీధి పార్కులో ఊడ్చిన ఆకులు మూలన తగలబెడుతుంటారు, రేపు పొద్దున్నే ఆ ఊడ్చే ఆమె నిప్పు పెట్టకముందే నాలుగు బస్తాలు పట్టుకుని వెళ్ళాలి.